మాలిబూలో వేల్స్, వేల్స్‌లో ఖైబర్

కొత్తగూడెం తిరిగొచ్చి ఐదు రోజులైంది. నిద్ర ఇంకా బ్రిస్టల్ టైముకే వస్తోంది. రాత్రి రెండింటికి మెలకువగా కూర్చుని, ఏం చేయాలో తోచక ఇది రాస్తున్నాను.

అమ్మాయి, అల్లుడు బ్రిస్టల్‌లో ఉంటారు. "ముందు లండన్ చూద్దాం మామయ్యా" అన్నాడు అల్లుడు. "ముందు వేల్స్" అన్నాను. కారణం మా నాన్న.

నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్ళకు పైగా బాయి దిగాడు. ఆయన రిటైరయ్యాక ఒకసారి హైదరాబాదు నుంచి పాత ఇంగ్లిష్ సినిమా డీవీడీ తెచ్చి చూపించాను. 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ', 1941 నాటిది. వేల్స్‌లో ఒక బొగ్గు గని కుటుంబం కథ. ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్లు కొట్టింది. నాన్నకు ఇంగ్లిష్ రాదు. అరగంట చూసి, "బాయి గుట్ట మీద పెట్టిన్రేందిరా? బరువంతా పైకెక్కించుడేంది?" అన్నాడు. కాసేపటికి గని వాళ్ళు షిఫ్టు దిగి పాడుకుంటూ ఇళ్ళకు పోతుంటే, "వీళ్ళు బాయి నుంచి వస్తున్నరా, పెళ్ళి నుంచా?" అన్నాడు. అంతే, లేచి వెళ్ళి పడుకున్నాడు.

ఆ వేల్స్ ఊరు వేల్స్‌లో లేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు బ్రిటన్ మీద బాంబులు పడుతున్నాయి. అందుకని కాలిఫోర్నియాలో, మాలిబూ దగ్గరి కొండల్లో ఎనభై ఎకరాల్లో ఊరు సెట్టు వేశారు. నటుల్లో చెప్పుకోదగ్గ వేల్స్ మనిషి రిస్ విలియమ్స్ ఒక్కడే. మిగతావాళ్ళు ఐర్లండ్, ఇంగ్లండ్, కెనడా, అమెరికా. ప్రపంచం మాత్రం వేల్స్ అంటే అదే అనుకుంది. నేనూ అనుకున్నాను.

మే 9, బ్లైనావన్

సెవర్న్ నది వంతెన దాటితే వేల్స్. ఒకప్పుడు వేల్స్‌లోకి పోయేటప్పుడు మాత్రమే టోల్ వసూలు చేసేవారట, బయటికొచ్చేటప్పుడు ఫ్రీ. 2018 చివర్లో అదీ ఎత్తేశారు. దాటగానే బోర్డులన్నీ రెండు భాషల్లో మొదలయ్యాయి. మలుపు మలుపుకీ రోడ్డు మీద తెల్ల రంగుతో 'అరాఫ్' అన్నట్టు ఏదో రాసుంది. వేల్స్ భాషలో ఆ చివరి అక్షరాన్ని 'వ' అని పలకాలని, మాటకు 'మెల్లగా' అని అర్థమని అల్లుడు చెప్పాడు.

"అయితే అది అరవ్" అంది వెనక సీట్లోంచి మా ఆవిడ. "అరవకుండా మెల్లగా పొమ్మని. మీ మామయ్యకు కూడా రాస్తే బాగుండు."

బ్లైనావన్‌లో బిగ్ పిట్ అనే గని ఉంది. 1980లో మూసేశారు, 1983లో మ్యూజియంగా తెరిచారు. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. తొంభై మీటర్ల లోతుకు కేజ్‌లో, అంటే ఇనుప బోను లాంటి లిఫ్టులో దించుతారు. దిగే ముందు గైడు మా దగ్గర ఫోన్లు, వాచీలు, కారు తాళం, బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ తీసుకున్నాడు. మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ కూడా పుట్టకూడదు. చిన్నప్పుడు నాన్నకు సద్ది ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బాయి గేటు దగ్గర బీడీ, అగ్గిపెట్టె కోసం జేబులు తడమడం చూసేవాణ్ణి. ఇక్కడ మా ఆవిడ చేతి వాచీ విప్పి ఇస్తుంటే అదే గుర్తొచ్చింది. టోపీ దీపం కోసం వాళ్ళే నడుముకు కట్టిన బ్యాటరీ బెల్టు బరువుకు ఆవిడ చీర కుచ్చిళ్ళు జారుతున్నాయి. గైడు ముఖం అటు తిప్పుకుని, అమ్మాయి సర్దేదాకా కేజ్ ఆపాడు.

గైడు కూడా ఒకప్పుడు బొగ్గు తవ్విన మనిషే. కింద గుర్రపుశాల చూపించాడు. గుర్రాల పేర్లు గోడకు ఇంకా ఉన్నాయి. ఒకచోట అందర్నీ దీపాలు ఆర్పమన్నాడు. చెయ్యి కంటి ముందు పెట్టుకున్నా కనిపించలేదు. ఆ చీకట్లోనే చెప్పాడు: 1842లో చట్టం వచ్చేదాకా ఆడవాళ్ళూ, పదేళ్ళలోపు మగపిల్లలూ కూడా గనుల్లో పనిచేసేవారని. గాలి తలుపు తెరవడం, మూయడం పిల్లల పని. చీకట్లో పన్నెండు గంటలు.

పైకొచ్చాక నాన్న ప్రశ్న ఆయన ముందు పెట్టాను. గట్టిగా నవ్వి చుట్టూ చూడమన్నాడు. బిగ్ పిట్ ఉన్నదే వాలు మీద! లోయ మొదట్లో బొగ్గు పొర పైకే ఉంటుందట, అందుకని ఇక్కడ గుట్టవారనే తవ్వారు. "కానీ మీ నాన్న చెప్పింది తప్పు కాదు. రోండా లోయలో లోతు గనులు అడుగునే, రైలు పట్టాల పక్కనే ఉండేవి" అన్నాడు. మరి పాటల సంగతో అంటే, "చర్చిలో పాడేవాళ్ళం. షిఫ్టు దిగాక దగ్గేవాళ్ళం" అన్నాడు.

క్యాంటీన్లో వెల్ష్ కేక్ తిన్నాం. ఎండు ద్రాక్ష కలిపిన పిండిని బిళ్ళలు చేసి పెనం మీద కాల్చి, పైన చక్కెర చల్లుతారు. కేక్ అన్న పేరే గానీ తీపి రొట్టె. ఒక్కోటి తొంభై పెన్నీలు. మా ఆవిడ నాలుగు పొట్లం కట్టించింది.

మే 10, బ్రెకన్

ఇక్కడికి రావాలన్న పట్టుదల అల్లుడిది. వాడికి 'జులు' సినిమా పిచ్చి. 1964లో వచ్చింది. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట నూట యాభై మంది దాకా ఉన్న బ్రిటిష్ సైనికులు మూడు, నాలుగు వేల మంది జులూ యోధుల్ని రాత్రంతా అడ్డుకున్న కథ. నిజంగా జరిగిందే. సినిమాలో అది వేల్స్ రెజిమెంటు. జులూలు యుద్ధ గీతం అందుకుంటే వీళ్ళు బదులుగా 'మెన్ ఆఫ్ హార్లెక్' అనే వేల్స్ పాట ఎత్తుకుంటారు. చూస్తే ఎవరికైనా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకూ అంతే.

ఆ రెజిమెంటు మ్యూజియం బ్రెకన్ బ్యారక్స్‌లో ఉంది. యుద్ధం నాటికి దాని పేరు 24వ రెజిమెంటు, సెకండ్ వారిక్‌షైర్. అంటే ఇంగ్లండ్ జిల్లా పేరు. డిపో 1873 నుంచి బ్రెకన్‌లో ఉన్న మాట నిజమే గానీ, 'సౌత్ వేల్స్ బోర్డరర్స్' అని పేరు మారింది 1881లో, యుద్ధం అయిన రెండేళ్ళకు. ఆ రాత్రి అక్కడున్న 24వ రెజిమెంటు వాళ్ళలో వేల్స్ వాళ్ళని తేలినవాళ్ళు 32 మందే, ఇంగ్లండ్ వాళ్ళు 49. పాట పాడారనడానికి ఆధారం లేదు. "వచ్చినవాళ్ళలో సగం మంది మొదట అడిగేది పాట గురించే" అన్నాడు అక్కడి పెద్దాయన, విసుగేమీ లేకుండా. సినిమా నిర్మాత, కథానాయకుడు స్టాన్లీ బేకర్ రోండా లోయ బిడ్డ. తన ఊరివాళ్ళ కోసం పాట పాడించుకున్నాడని సరిపెట్టుకున్నాను.

సరిపెట్టుకోలేనిది హెన్రీ హుక్ సంగతి. మంటల్లో ఉన్న ఆసుపత్రి నుంచి రోగుల్ని గోడలు పగలగొట్టి బయటికి లాగిన సైనికుడు. ఆ రాత్రికి పదకొండు విక్టోరియా క్రాసులు, అంటే బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద సాహస పతకాలు, వస్తే అందులో ఒకటి ఆయనది. సినిమాలో ఆయన తాగుబోతు, పనిదొంగ, శిక్షలో ఉన్నవాడు. చివర్లో వీరుడవుతాడు. అసలు హుక్ మందు ముట్టని మనిషి, సత్ప్రవర్తనకు అదనపు జీతం అందుకున్నవాడు. ముసలివాళ్ళైన ఆయన కూతుళ్ళు ప్రీమియర్ మధ్యలో లేచి వెళ్ళిపోయారని చెబుతారు.

మ్యూజియం బయట బెంచీ మీద మాకు వాదన మొదలైంది.

"కథలో మలుపు కావాలి కదా మామయ్యా. మంచివాడు మంచివాడుగానే ఉంటే ఏం చూస్తాం?"

"మలుపు కావాలంటే పేరు మార్చుకోవచ్చుగా."

"మీరు అల్లూరి, కొమరం భీం కలిసి డాన్సు వేస్తే రెండుసార్లు చూశారు" అంది మా ఆవిడ. నిజమే. వాళ్ళిద్దరూ కలిసినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. కానీ ఆ సినిమా ఎవరినీ తాగుబోతును చేయలేదు. లేని స్నేహం కలిపింది, ఉన్న గౌరవం తీయలేదు. నా లెక్కలో ఈ రెండూ ఒకటి కావు. ఇదే మాట అంటే, "మీకు నచ్చితే కల్పన, నచ్చకపోతే అబద్ధం" అని తీర్పు చెప్పేసింది. ఇప్పటిదాకా దానికి జవాబు దొరకలేదు.

ఇంకొకటి, ఇది అల్లుడు కూడా ఒప్పుకున్నాడు. సినిమా చివర జులూలు కొండ మీద నిలబడి బ్రిటిష్ వాళ్ళ ధైర్యానికి వందనం చేసి వెళ్ళిపోతారు. అలా జరగలేదు. జరిగింది, గాయపడి పడి ఉన్న జులూలను తర్వాత చంపేయడం. అది సినిమాలో లేదు.

మధ్యాహ్నం కవుల్ అనే పులుసు తిన్నాను, గొర్రె మాంసం, ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు వేసినది. పక్కన చీజు ముక్క, రొట్టె. పద్నాలుగు పౌండ్లు, అంటే పదిహేను వందల పైమాటే. ఉప్పు కారం లేవు గానీ ఎముక రసం బాగా దిగింది. శాకాహారి అయిన మా ఆవిడకు గ్లామోర్గన్ సాసేజ్ తెచ్చారు. పేరు విని కుర్చీ వెనక్కి జరిపింది. లోపల చీజు, లీక్ తప్ప మాంసం లేదని అమ్మాయి కోసి చూపించాక గానీ ముట్టలేదు. "సాసేజ్‌లో మాంసం ఉండదు, వేల్స్ సినిమాలో వేల్స్ ఉండదు" అన్నాడు అల్లుడు. ఉదయం ఒప్పుకోవాల్సి వచ్చినదానికి అక్కడ బదులు తీర్చుకున్నాడు.

మే 11, దారి తప్పి

ఉత్తరానికి బయల్దేరాం. ఇక్కడ సగం ఊళ్ళ పేర్లు 'లాన్' లాంటి ఒక శబ్దంతో మొదలవుతాయి, మన 'పల్లి' చివర ఉన్నట్టు. నాలుక పళ్ళ వెనక పెట్టి పక్కల నుంచి గాలి ఊదాలి. ఫోన్లో మ్యాప్ పెట్టిన అమ్మాయి ఒక అక్షరం అటూ ఇటూ కొట్టింది. గంట తర్వాత ఒక ఫారం ఇంటి ముందు తేలాం. రోడ్డు కారంతే వెడల్పు, రెండు వైపులా రాతి గోడలు, ముందు గొర్రెలు. అల్లుడికి టెన్షన్. నాలుగు చక్రాల బండి మీద వచ్చిన రైతు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. దిగి, గొర్రెల్ని తప్పించి, తన గేటు తెరిచి పెరట్లో బండి తిప్పుకోమన్నాడు. వెళ్తుంటే చూపుడు వేలు ఒక్కటి పైకెత్తాడు. ఆ దారుల్లో మర్యాద అదే. ఎదురు బండి ఆగి దారిస్తే స్టీరింగు మీద నుంచి వేలు ఎత్తాలి. సాయంత్రానికి అల్లుడు గొర్రెలకు కూడా వేలెత్తుతున్నాడు.

మే 12, బెద్‌గెలర్ట్, నాంట్ గ్విన్నంట్

ఈ ఊళ్ళో ఒక కుక్క సమాధి ఉంది. లెవెలిన్ రాజు వేటకు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఊయల తలకిందులై ఉంది, కుక్క మూతికి రక్తం. బిడ్డను చంపిందని కత్తితో పొడిచాడు. చూస్తే ఊయల కింద బిడ్డ క్షేమం, పక్కన తోడేలు శవం. రాతి పలక మీద కథ చదివి అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇది మన ముంగిస కథ కదండీ!" అంది మా ఆవిడ. పంచతంత్రంలోదే. ముంగిస కుక్క అయింది, పాము తోడేలు అయింది. ఆ సమాధి రాళ్ళు కూడా 18వ శతాబ్దం చివర్లో ఊరి హోటలు యజమాని డేవిడ్ ప్రిచర్డ్ పెట్టించినవే అంటారు, యాత్రికులు వస్తారని. వచ్చారు. మేమూ వచ్చాం. సినిమా పుట్టక ముందే ఈ ఊరికి సెట్టు వేయడం తెలుసు.

తర్వాత అసలు సెట్టు కూడా వచ్చింది. 1958లో 'ది ఇన్ ఆఫ్ ది సిక్స్త్ హ్యాపీనెస్' అనే సినిమా కోసం ఈ కొండల్ని చైనా చేశారు. చైనాలో పనిచేసిన గ్లాడిస్ ఐల్వర్డ్ అనే మిషనరీ కథ అది. ఆవిడ ఐదడుగుల్లోపు, నల్ల జుట్టు మనిషి. వేషం వేసింది పొడుగాటి స్వీడన్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. చైనా పిల్లల్ని లివర్‌పూల్ నుంచి తెచ్చారు. సినిమాలో పెట్టిన ప్రేమకథకు ఐల్వర్డ్ చాలా బాధపడిందట. హుక్ కూతుళ్ళ బాధే. ఆ సినిమా కోసం చేసిన బంగారు రంగు బుద్ధుడు ఇప్పుడు దగ్గర్లోని పోర్ట్‌మేరియన్‌లో ఉన్నాడు. సాయంత్రం వెళ్ళి చూశాం. మా ఆవిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. సినిమా బొమ్మ అన్నాను. "ముఖం బాగుంది" అంది.

ఖైబర్ కనుమ చూసింది మాత్రం ఆ మధ్యాహ్నమే. స్నోడన్ పర్వతం ఎక్కే వాట్కిన్ దారి నాంట్ గ్విన్నంట్ లోయలో మొదలవుతుంది. ఓక్ చెట్ల మధ్య నుంచి రాతి మెట్లు, పక్కన జలపాతం. 1968లో 'క్యారీ ఆన్ అప్ ది ఖైబర్' అనే కామెడీ సినిమా వాళ్ళు వాయవ్య సరిహద్దు దాకా పోయే ఖర్చు లేక ఇక్కడే తీశారు. గుర్తుగా ఒక ఫలకం కూడా ఉంది. మన వాళ్ళ ముఖ్య వేషాలన్నీ ముఖానికి రంగు పూసుకున్న ఇంగ్లిష్ నటులవే. వానలో తడుస్తూ అల్లుడు తలపాగాలాగా తువ్వాలు చుట్టుకుని ఫోటో దిగాడు. ఆ దారిన నిక్కరు వేసుకుని దిగుతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "చివరికి అసలు వాళ్ళు వచ్చారు!" అన్నాడు. కొత్తగూడెం నుంచి ఖైబర్ ఎంత దూరమో చెప్పలేదు. ఆయన సంతోషం ఎందుకు పాడుచేయడం?

ఇంకొంచెం పైకి పోతే ఒక పెద్ద బండ. 1892లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఎనభై రెండేళ్ళ వయసులో దాని మీద నిలబడి వేల్స్‌కు న్యాయం గురించి మాట్లాడాడు. మేమున్న పావుగంటలో దాని పక్కన ఆగింది ఒక గొర్రె.

మే 13, అర్ అస్గూర్న్

ట్రౌస్‌వనిద్ దగ్గర కొండవాలు మీద రాతి ఫారం ఇల్లు. ఎల్లిస్ ఎవన్స్ అనే గొర్రెల కాపరి ఇక్కడ ఉండేవాడు, హెద్ విన్ పేరుతో కవిత్వం రాసేవాడు. 1917 జాతీయ ఐస్తెద్‌వొడ్, అంటే వాళ్ళ కవిత్వ, సంగీత ఉత్సవానికి సైన్యంలో ఉండగానే మారుపేరుతో పద్యం పంపాడు. జులై 31న బెల్జియంలో పడిపోయాడు. సెప్టెంబరులో సభలో విజేత పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ లేవలేదు. గెలిచినవాడికిచ్చే కుర్చీ మీద నల్ల గుడ్డ కప్పారు.

ఆ కుర్చీ ఇంట్లో ఉంది. అంత దగ్గర నుంచి చూడనిస్తారని అనుకోలేదు. నల్లటి ఓక్ చెక్క, చేతుల మీద, వీపు మీద అంగుళం ఖాళీ లేకుండా చెక్కుడు పని. చెక్కింది బెల్జియం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థి, యూజీన్ వాన్‌ఫ్లెటెరెన్. ఆయన వదిలి వచ్చిన దేశంలోనే ఈ కుర్చీ గెలిచినవాడు చనిపోయాడు. ఏ స్క్రిప్టు రైటరైనా ఇది రాస్తే "మరీ సినిమాలా ఉంది" అని కొట్టేస్తారు.

1992లో ఆ కథ 'హెద్ విన్' పేరుతో వేల్స్ భాషలోనే సినిమాగా వచ్చింది. ఆ భాష నుంచి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన మొదటి చిత్రం. బ్రిస్టల్ తిరిగొచ్చాక చూశాను. అందులో గొర్రెలు గొర్రెల్లా ఉన్నాయి, బురద బురదలా ఉంది. ఇంట్లో గైడుగా ఉన్న అమ్మాయి తమ బామ్మ ఆ సినిమా చూసి ఏడవలేదనీ, వంటగదిలో గిన్నెలు తప్పు చోట పెట్టారని గొడవపడిందనీ చెప్పింది. నాన్నను కలిపితే బాగుండేది.

గదిలోంచి బయటికొచ్చేటప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఇంటిని కవి మేనల్లుడు ఎన్నో ఏళ్ళు కాపాడాడట, వచ్చినవాళ్ళకు తలుపు తెరిచి ఉంచుతానని అమ్మమ్మకు మాటిచ్చి.

మే 14, ఆబర్‌వాన్

దక్షిణానికి తిరిగొచ్చే దారిలో ఆగాం. 1966 అక్టోబర్ 21 ఉదయం కొండ మీద పోసిన గని మట్టి తిప్ప జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఊటనీళ్ళు ఉన్నచోట పోశారు. గని లోయ అడుగునే ఉండేది, నాన్న చెప్పినట్టే. పైకెక్కించింది మట్టిని.

శ్మశానంలో తెల్లటి కమానులు వరసగా ఉన్నాయి. ఫోటోలు తీయలేదు. బడి ఉన్న స్థలంలో తోట వేశారు. కాసేపు కూర్చుని వచ్చేశాం.

మే 15, గార్త్ కొండ

కార్డిఫ్‌కు పక్కనే, టాఫ్స్ వెల్ ఊరి పైన. ఒక సినిమా కథ ఈ కొండదే. 1917లో ఇంగ్లిష్ సర్వేయరు వచ్చి కొలిచి, వెయ్యి అడుగులు లేదు కాబట్టి ఇది పర్వతం కాదు, గుట్టే అంటాడు. ఊరివాళ్ళు బక్కెట్లతో మట్టి మోసి పైన దిబ్బ పోసి వెయ్యి దాటిస్తారు. 1995లో హ్యూ గ్రాంట్ నటించిన సినిమా అది, పేరు 'ది ఇంగ్లిష్‌మన్ హూ వెంట్ అప్ ఎ హిల్ బట్ కేమ్ డౌన్ ఎ మౌంటెన్', చదవడానికే కొండెక్కినంత ఆయాసం వస్తుంది. దర్శకుడు ఈ ఊరివాడే, తాతగారు చెప్పిన కథట. తీసింది మాత్రం ఇక్కడ కాదు, ఉత్తరాన. ఈ చుట్టుపక్కల కొత్త కట్టడాలు పెరిగిపోయాయి మరి.

పైన దిబ్బ నిజంగానే ఉంది. కానీ కంచు యుగం నాటి సమాధి అది, నాలుగు వేల ఏళ్ళ కిందటిది. దాన్ని కూడా కలిపితే ఎత్తు 307 మీటర్లు. అడుగుల్లో 1007.

గాలికి నిలబడలేకపోతున్నాం. మా ఆవిడ పౌడరు డబ్బాలోంచి బ్లైనావన్‌లో కొన్న చివరి వెల్ష్ కేక్ తీసి నాలుగు ముక్కలు చేసింది. రాయిలా అయింది, అయినా తిన్నాం. అల్లుడు మొత్తం కథ చెప్పాడు, సర్వేయరు, బక్కెట్లు, వాన, అన్నీ. చివర్లో అదంతా కల్పన అని, మనం నిలబడ్డది ఎవరిదో సమాధి అని కూడా చెప్పాడు.

మా ఆవిడ వెంటనే దిబ్బ దిగింది. ఒక చేత్తో అమ్మాయి భుజం పట్టుకుని, బూటు విప్పి, అడుగున గడ్డకట్టిన ఎర్ర మట్టిని రాయికేసి కొట్టి రాల్చింది.

"ఉంచండి" అంది. "ఎప్పుడైనా మళ్ళీ కొలిస్తే తక్కువ పడకుండా."